తాలుకాయల బొమ్మ

ఇంకొల్లు దగ్గర, వీరాంజనేయులు గారి కల్లం
2 ఫిబ్రవరి 2025

లిడియాకు, పెదనాన్న జక్రయ్య రాసేది.

నా దగ్గు తగ్గింది. మీ నాన్న సమాధి చుట్టూ పెరిగిన కంప కొట్టించాను. నాకు ఫోను చేస్తున్నావని బుడే చెప్పాడు. చేయొద్దు. పత్తి జిన్నింగు మిల్లు రొదలో ముప్పై ఏళ్ళు పనిచేసిన చెవులు. ఫోను పెట్టుకుంటే ఈగ తిరిగినట్టు ఉంటుంది. మనిషి ఎదురుగా నిలబడి అరిస్తే వినపడుతుంది. ఉత్తరమైతే ఏ ఇబ్బందీ లేదు. బుడే వారానికి రెండుసార్లు మిర్చి లారీ గుంటూరు యార్డుకి తోలుతున్నాడు. అతని చేతికియ్యి.

ఒక సంగతి అడగాలి. ఈ ఏడు నేను కల్లానికి కాపలా ఉంటున్నాను. మిరపకాయలు కొయ్యడానికి, ఏరడానికి యర్రగొండపాలెం వైపు నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్ళు వచ్చారు. దేవకుమారి అని ఒకామె వాళ్ళకి మేస్త్రి. వాళ్ళతో ఏడుగురు పిల్లలు. అందరికంటే పెద్దది షిరీన్, ఎనిమిదేళ్ళు. చిన్నవాడు జయపాల్, ఐదు. వాడు దేవకుమారి కొడుకు. ఊళ్ళో బడికి పంపమన్నాను. రెండు నెలల్లో పోయేవాళ్ళం ఎందుకులే, రోడ్డు దాటాలి అన్నారు. తల్లులు చేలో ఉంటారు, పిల్లలు కల్లంలో పరుగెత్తుతారు. ఆరబోసిన కాయల మీద తొక్కుతారు. కాయ పగిలితే గింజ రాలుతుంది, రంగు పోతుంది.

నిన్న ఆంజనేయులు గారు చూశారు. "జక్రయ్యా, ఇంకొక్కసారి కాయల మీద ఒక్క పాదం గుర్తు కనపడిందా, పిల్లలున్న ఆడాళ్ళందర్నీ బండెక్కించేస్తా" అన్నారు. ఆయన అన్నంత పనీ చేస్తారు.

వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టాలి. నాకు కథలు రావు. పిల్లలతో ఏం మాట్లాడాలో తెలియదు. నువ్వు పిల్లలకి బొమ్మలు నేర్పుతావు కదా. ఏం ఇస్తే కూర్చుంటారో రాయి.

ఇంతే.
పెదనాన్న


బ్రాడీపేట, గుంటూరు
6 ఫిబ్రవరి

పెదనాన్నకు,

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషపడ్డానో. జీవితంలో నువ్వు నన్ను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. నాన్న ఉంటే నమ్మేవాడు కాదు.

బుడే చేత సంచి పంపుతున్నాను. అందులో ఉన్నవి చూసి ఇవేంటి అనుకోవద్దు. ఇక్కడ కోచింగ్ సెంటర్ల వాళ్ళు పాత పరీక్ష పేపర్లు కట్టలు కట్టలు పారేస్తారు. వెనక వైపు ఖాళీ. రెండు కట్టలు పెట్టాను. కొబ్బరినీళ్ళు తాగే గొట్టాలు, దారపు ఉండ, పాత దువ్వెనలు, నీలిమందు సీసా కూడా ఉన్నాయి. పెన్సిళ్ళు కావాలనే పెట్టలేదు. పెన్సిలిస్తే పిల్లలు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు వేస్తారు. అది ఎవరో నేర్పిన బొమ్మ.

నీలిమందు చుక్క కాగితం మీద వేసి గొట్టంతో ఊదమను. దారం రంగులో ముంచి మడిచిన కాగితం మధ్య పెట్టి లాగమను. బెండకాయ అడ్డంగా కోస్తే అచ్చు తయారు. పసుపులో సున్నం కలిపితే ఎరుపొస్తుంది. కారం కూడా మంచి రంగే, మీకక్కడ కొదవ లేదు. ఇంకో ఆట ఉంది. మిరపకాయల్లో ఎన్ని ఎరుపులున్నాయో ఏరి వరసలు పెట్టమను. ప్రతి ఎరుపుకీ వాళ్ళే పేరు పెట్టాలి.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. చేయి పట్టుకుని వేయించొద్దు. ఇది తప్పు, అది తప్పు అనొద్దు. చేయి పట్టుకుంటే ఆ బొమ్మ మనదవుతుంది, వాళ్ళది కాదు.

జాగ్రత్త, మందులు వేసుకో.
నీ లిడియా


11 ఫిబ్రవరి

లిడియాకు,

సంచి అందింది.

షిరీన్ చేయి నేను పట్టుకున్నట్టు నీకెవరు చెప్పారు? బుడేనే అయ్యుంటాడు. ఆ పిల్ల పెన్ను పట్టుకోవడం రాక ఏడుస్తుంటే ఒక్కసారి పట్టుకున్నాను. అది నీ ఉత్తరం రాక ముందు. ఆ తర్వాత పట్టుకోలేదు. ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాను.

కారం వద్దు. పిల్లలు కళ్ళు నలుపుకుంటారు. నువ్వు ఊరు వదిలి చాలా ఏళ్ళయింది.

మొదటిరోజు గొట్టాలతో కుండలో నీళ్ళు తాగారు. రెండోరోజు ఊదారు. నీలిమందు జయపాల్ పళ్ళకి అంటింది. దేవకుమారి చేలోంచి వచ్చి "ఏరా, ఏం తిన్నావురా, నోరంతా చచ్చిన పామల్లే ఉంది" అని వాడి నోరు పట్టుకు చూసింది. వాడు నా వైపు చూపించాడు. నీ ఉత్తరం ఆమెకి చూపించాను. ఆమెకి చదవడం వచ్చు. చదివి "గుంటూరులో బళ్ళో కూడా ఇంతేనంటా" అంది. నవ్వింది.

బెండకాయలు ఇక్కడ దొరకలేదు. పత్తికాయ ఎండిన తొక్కలు అద్దాం. అయిదు రేకుల పువ్వు పడింది. పత్తి గింజలు నీలిమందులో ముంచి కాగితం మీద దొర్లించాం. విత్తనాల కొట్లో అమ్మే గులాబీ రంగు గింజలు కావాలని పిల్లలు అడిగారు. వాటికి మందు పట్టించి ఉంటుంది. ఇవ్వలేదు.

ఎరుపుల ఆట మాత్రం బాగా పట్టింది. మూడు రోజులు అదే ఆట. తొమ్మిది ఎరుపులు తేలాయి. వాళ్ళు పెట్టిన పేర్లు రాస్తున్నాను. గ్యాసు బండ ఎరుపు. ఇటుక ఎరుపు. దెబ్బ మీద చెక్కు ఎరుపు. కోడి జుట్టు ఎరుపు. అమ్మ కళ్ళెరుపు. నాలిక ఎరుపు. ఆంజనేయులు గారి బండి ఎరుపు. తడిసిన ఎరుపు. తొమ్మిదోదానికి పేరు దొరకలేదు. జయపాల్ అది నాది అన్నాడు. దానికి వాడి పేరే పెట్టారు.

కాయల మీద ఎవరూ తొక్కడం లేదు. అదొక్కటి చాలు.

పెదనాన్న


16 ఫిబ్రవరి

పెదనాన్నా,

బుడే నాకేమీ చెప్పలేదు. ఒట్టు. అది పిల్లలకి నేర్పే ఎవరికైనా చెప్పే మాట. నువ్వు నొచ్చుకున్నావని తెలిసి రెండు రోజులు బాధపడ్డాను. కావాలంటే చేయి పట్టుకో. నీ చేయి గురించి కాదు నేనన్నది.

ఎరుపుల పేర్లు మా స్టాఫ్ రూములో చదివి వినిపించాను. లెక్కల సారు "జయపాల్ ఎరుపు" అని రోజూ అంటున్నాడు. మాకు మార్చిలో చిత్రాల ప్రదర్శన ఉంది. నలభై మంది పిల్లల బొమ్మలు గోడలకి పెడతాం. తల్లిదండ్రులు వస్తారు. దానికోసం క్షణం తీరిక లేదు.

ఇప్పుడు చిన్న కాగితాలు చాలవు. పెద్ద బొమ్మలు నేల మీద వేయించు. దేన్నీ అంటించకండి. పేర్చండి చాలు. గింజలు, తొడిమలు, పత్తిపుల్లలు, పనికిరాని కాయలు. పేర్చిన బొమ్మ నచ్చకపోతే ఎత్తేసి మళ్ళీ పేర్చుకోవచ్చు. తప్పు చేస్తామన్న భయం పోతుంది. మా పిల్లలకి ఆ భయమే ఎక్కువ.

ఇంకో కట్ట కాగితాలు పంపుతున్నాను.

నీ లిడియా


22 ఫిబ్రవరి

లిడియాకు,

ఆంజనేయులు గారు పిల్లల ఎరుపుల ఆట చూశారు. చాలాసేపు నిలబడి చూశారు. ఇంత సన్నంగా రంగు పట్టుకుంటున్నారే అన్నారు. మెచ్చుకున్నారు. అప్పటి నుంచి పిల్లలు తాలు ఏరుతున్నారు. తాలు అంటే నీకు తెలుసుగా, ఎర్రబడకుండా తెల్లగా పాలిపోయిన కాయ. ఎర్ర కాయలో అది కలిసి ఉంటే యార్డులో సరుకు పనికిరాదంటారు. అందరూ కుదురుగా కూర్చుంటున్నారు. పరుగులు లేవు. అరుపులు లేవు.

ఇక కాగితాలు పంపొద్దు.

పెదనాన్న


26 ఫిబ్రవరి

పెదనాన్నా,

చూశావా, నేను చెప్పలేదా. ఒక రైతు నిలబడి పిల్లల ఆట చూశాడంటే మాటలు కాదు. మా ప్రిన్సిపాల్ గారు నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నా క్లాసులోకి వచ్చి చూడలేదు. రంగులు ఏరడమే బొమ్మలకి మొదటి పాఠం. ఏడుగురూ కుదురుగా కూర్చుని ఏరుతున్నారని చదివి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. బుడేని అడిగితే "అబ్బో, చేతులు మిషన్లలాగా ఆడుతున్నాయండి, పెద్దోళ్ళు కూడా పనికిరారు వాళ్ళ ముందు" అన్నాడు. సెల్లులో ఫోటో తీసి చూపించమన్నాను. రేపు తీస్తానన్నాడు. ఆ ఫోటో మా ప్రదర్శనలో పెడతాను.

కాగితాలు వద్దన్నావేం? మళ్ళీ నేనేమన్నా తప్పు రాశానా? నీకు కోపం వస్తే ఉత్తరం చిన్నదైపోతుంది. నాకు తెలుసు.

ఆంజనేయులు గారికి నా తరఫున నమస్కారం చెప్పు.

నీ లిడియా


2 మార్చి

లిడియాకు,

కోపం కాదు. సరిగ్గా రాయలేదు నేను. ఇప్పుడు రాస్తాను.

అది ఆట కాదు. పొద్దున ఎనిమిదింటికి కూర్చోబెడుతున్నారు. మధ్యాహ్నం అన్నానికి లేస్తారు. మళ్ళీ కూర్చుంటారు. ఎండ దిగే దాకా. ఏరడానికి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళని పిలవాలనుకున్న ఆంజనేయులు గారు ఇప్పుడు అక్కర్లేదన్నారు. పిల్లలు చాలంట. ఫోటో ప్రదర్శనలో పెట్టొద్దు.

పెద్దవాళ్ళు చేతులకి గుడ్డ చుట్టుకుంటారు. పిల్లలు గుడ్డ చుట్టుకుంటే కాయ పట్టు దొరకడం లేదని తీసేస్తున్నారు. వేళ్ళు మండుతున్నాయని షిరీన్ మజ్జిగలో పెట్టుకుని కూర్చుంటుంది. జయపాల్ కళ్ళు నలుపుకున్నాడు. రెండు రోజులు కళ్ళు తెరవలేదు. దేవకుమారి ఊళ్ళో ఒక పసిబిడ్డ తల్లిని బతిమాలి వాడి కళ్ళలో చనుబాలు పోయించింది. మూడో రోజు మళ్ళీ కూర్చోబెట్టారు. తల్లులకీ ఇష్టం లేదు. వద్దంటే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపొమ్మంటారని భయం. నేను ఆ మాట అన్నవాణ్ణి కదా వాళ్ళతో. కాయలు తొక్కితే పంపించేస్తారంట అని.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ నాన్నకి తెలుసు. నాకు ఆరేళ్ళప్పుడు మా నాయన పొగాకు గ్రేడింగు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఆకు రంగుని బట్టి వేరు చెయ్యాలి. నేను పక్కన కూర్చుని ఆడుకుంటూ ఆకులు వరసలు పెట్టాను. పదకొండు రంగులు పెట్టాను. గుమాస్తా చూశాడు. వీడి కన్ను భలే కన్ను అన్నాడు. అందర్నీ పిలిచి చూపించాడు. మా నాయన సంతోషపడ్డాడు. నేనూ సంతోషపడ్డాను. రెండేళ్ళు బడికి పోతూ సెలవుల్లో గ్రేడింగుకి పోయాను. నాలుగో తరగతిలో బడి మానిపించారు. నాకు రంగులు బాగా తెలుసని మానిపించారు.

ఆంజనేయులు గారు పిల్లల్ని మెచ్చుకుంటున్నప్పుడే నాకు తెలిసింది. తెలిసి కూడా ఊరుకున్నాను. నీకు సంతోషంగా రాశాను.

ఆయనతో చెప్పాలి. రోజూ పొద్దున చెబుదామని నిలబడతాను. "ఏం జక్రయ్యా" అంటారు. "ఏం లేదండి" అంటాను.

పెదనాన్న


5 మార్చి

పెదనాన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సంతోషపడి రాసిన నా ఉత్తరం చింపెయ్యి.

పిల్లల చేత పని చేయిస్తే ఫిర్యాదు చెయ్యడానికి ఫోను నంబరు ఉంది. నేను చేస్తాను. నీ పేరు రానివ్వను. నువ్వు ఊఁ అంటే చాలు.

ఇంకొకటి కూడా నీకు చెప్పాలి. గొట్టాలతో ఊదడం, దారం లాగడం, ఎరుపులు ఏరడం, ఇవేవీ నేను మా పిల్లల చేత ఒక్కసారి కూడా చేయించలేదు. ట్రైనింగులో నేర్చుకున్నాను, అంతే. ఇక్కడ యూనిఫాం పాడవుతుందని రంగులే బయటికి తీయనివ్వరు. ప్రదర్శనకి పెట్టే నలభై బొమ్మలూ నేనే సరిదిద్దుతున్నాను. పిల్లలు గీతలు గీసిన తర్వాత ఇంటికి తెచ్చుకుని నేనే పూర్తి చేస్తాను. తల్లిదండ్రులకి నీట్‌గా కనపడాలంట. నాలుగేళ్ళుగా ఇదే. చేయి పట్టుకోవద్దని నీకు రాశాను. నేను పట్టుకోవడం కాదు, వాళ్ళ చేతులే తీసేశాను.

నేను రాసిందంతా చేసింది నువ్వొక్కడివే. దానివల్ల ఆ పిల్లలకి ఇలా అయింది.

లిడియా


11 మార్చి

లిడియాకు,

ఫోను చెయ్యకు. ఎవరో వస్తారు, కాగితం రాసుకుంటారు, వెళ్తారు. ఆ సాయంత్రమే ఆడవాళ్ళని పంపించేస్తారు. ఇంకో కల్లంలో ఇదే పని దొరుకుతుంది వాళ్ళకి.

నువ్వు బాధపడి రాశావు. పడొద్దు. ఆట మంచిదే. ఆటని పనికి పెట్టిన తర్వాత చెడింది.

నేను ఒకటి చేశాను. బుడే నీకు ఇంకోరకంగా చెప్పి ఉంటాడు. పొరపాటున జరిగిందని చెబుతాడు. పొరపాటు కాదు. నేనే చేయించాను.

శనివారం పొద్దున ఏరిన కాయ పెద్ద పట్టా మీద పరిచి ఉంది. మూడు రోజులు ఏరిన కాయ. ఒక్క తాలు లేదు. సోమవారం బస్తాల్లోకి ఎత్తాలి. తాలు వేరే గంపల్లో ఉంది. ఆడవాళ్ళు చేలో ఉన్నారు. పిల్లల్ని పిలిచి చెప్పాను. ఈరోజు ఏరొద్దు, ఈ ఎర్రదాని మీద తాలుకాయలతో బొమ్మ పేర్చండి అన్నాను. షిరీన్ నమ్మలేదు. "తిడతారు తాతా" అంది. నన్ను తిడతారులే అన్నాను. "ఏం బొమ్మ" అంది. మీ ఇష్టం అన్నాను.

తల్లులకి చెప్పలేదు. చెబితే తిట్లలో వాళ్ళకీ వాటా వచ్చేది.

పట్టా అంచుల మీద కూర్చుని పేర్చారు. లోపలికి వెళ్ళాల్సి వస్తే నేను చెక్క పలక వేశాను. కాయ తొక్కకుండా దాని మీద నడిచారు. ముందు చిన్నగా మొదలుపెట్టారు. తర్వాత పెద్దదైంది. వాళ్ళ ఊరు వేశారు. కొండ, దాని మీద మేకలు, కిందికి బస్సు. ఆడవాళ్ళు తలల మీద మూటలతో బస్సు ఎక్కుతున్నారు. పద్నాలుగు మందినీ వేశారు, నేను లెక్కపెట్టాను. జయపాల్ ఒక మూలన అడ్డదిడ్డంగా కాయలు పోశాడు. ఏంట్రా అది అని షిరీన్ అడిగింది. వాన అన్నాడు. ఎర్రటి దాని మీద తెల్లటి వాన. బాగుంది.

పన్నెండింటికి ఆంజనేయులు గారు వచ్చారు. బండి దిగకుండానే చూశారు.

"ఎవడ్రా ఇది చేసింది?"

"నేనే వేయించానండి."

"నీకేమన్నా మతి పోయిందా జక్రయ్యా? మూడు రోజుల ఏరుడు."

"పిల్లలండి. రంగు కనపడితే ఊరుకోరు."

"మొన్నటిదాకా బాగానే ఏరారుగా."

"ఏరతారండి. ఏరి మళ్ళీ పేరుస్తారండి. వాళ్ళని ఏరడానికి పెడితే రోజూ ఇంతేనండి."

ఇంత పెద్ద మాట నేను ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఆయన నా ముఖం వైపు చూశారు. అర్థమైందనుకుంటాను. "అయితే ఈ సంతని, వాళ్ళ తల్లుల్ని కూడా ఈ పూటే పంపించేస్తా" అన్నారు.

అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు, దేవకుమారి చేలోంచి వచ్చేసింది. చేతిలో కాయలు కోసే గంప అలాగే ఉంది. ఆమె అరిచింది కాబట్టి నాకు మొత్తం వినపడింది.

"పంపించండి బాబు. పద్నాలుగు మందిమీ వెళ్తాం. పక్కూరి వాళ్ళు మూడు రోజుల నుంచీ రమ్మని తిరుగుతున్నారు. నాలుగెకరాల కాయ చెట్టు మీదే ఉంది, ఎవరు కోస్తారో కోయించుకోండి."

"ఏం దేవకుమారీ, నేనేమన్నాననీ. నిన్ను వెళ్ళమన్నానా?"

"నా కొడుకు కళ్ళు రెండు రోజులు మూతపడితే అడగలేదు మీరు. ఇప్పుడు నాలుగు తాలుకాయలు కలిసినయ్యని అడుగుతున్నారు. మేం పనికొచ్చాం. పిల్లలు పనికి రాలేదు, మాతో వచ్చారు. ఏరమంటే మేం ఏరతాం."

ఆంజనేయులు గారు బండి దిగారు. పట్టా చుట్టూ ఒకసారి నడిచారు. ఆ బస్సు దగ్గర ఆగారు. తర్వాత నా దగ్గరికి వచ్చి "ఇది మొత్తం నువ్వే ఏరాలి, సోమవారం లోపు" అన్నారు. సరేనండి అన్నాను. "పిల్లలు కల్లంలో కనపడకూడదు" అన్నారు. అప్పుడు అడిగాను. ఆకు కాల్చే పాత పొగాకు బ్యారన్ ఖాళీగా ఉంది కదండీ, పిల్లలు అందులో ఉంటారు అని. "అందులో కర్రలున్నాయి" అన్నారు. పక్కకి సర్దుకుంటానండి అన్నాను. ఆయన వద్దనలేదు.

రెండు రోజులు కూర్చుని ఏరాను. ఆడవాళ్ళు చేలోంచి వచ్చాక సాయానికి కూర్చున్నారు. నా చూపు ఇంకా బాగానే ఉంది. పిల్లలు బ్యారన్ గుమ్మంలో నిలబడి చూశారు. నేను బస్సు ఎత్తేస్తుంటే షిరీన్ ఒప్పుకోలేదు. బస్సు చివర ఎత్తు తాతా అంది. చివరే ఎత్తాను.

ఇప్పుడు పిల్లలు బ్యారన్‌లో ఉంటున్నారు. కాగితాలు పంపించు.

పెదనాన్న


17 మార్చి

పెదనాన్నా,

కాగితాలు నాలుగు కట్టలు. దువ్వెనలు, గుండీలు, పాత పెళ్ళి కార్డులు. ఇంకా కావాలంటే చెప్పు.

బుడే మాత్రం, ముసలాయన ఎండ దెబ్బకి మతి తప్పి సరుకు పాడుచేశాడని అందరికీ చెబుతున్నాడు. నేను కాదని చెప్పలేదు. చెప్పమంటావా?

నిన్న మా ప్రదర్శన అయిపోయింది. నేను పూర్తి చేసిన నలభై బొమ్మలూ బీరువాలో పెట్టి తాళం వేశాను. పిల్లల చేత మళ్ళీ వేయించి, వాళ్ళు వేసినవి వేసినట్టే గోడలకి పెట్టాను. సగం గీసినవి, రంగు కారినవి, ముక్కు లేని ఏనుగు. ఎప్పుడూ తల్లిదండ్రులు గోడల ముందు నిలబడి బాగుంది బాగుంది అని వెళ్ళిపోతారు. నిన్న ఒకావిడ "మా బాబుది ఏది" అని అడిగింది. వాడు చేయి పట్టుకుని లాక్కెళ్ళి చూపించాడు. అది ఏంటో ఆవిడకి అర్థం కాలేదు. వాడు పావుగంట చెప్పాడు. ఆవిడ పావుగంట విన్నది.

ప్రిన్సిపాల్ గారు పిలిచారు. స్కూలు పరువు తీశానన్నారు. వచ్చే ఏడు నుంచి డ్రాయింగ్ పెద్ద క్లాసులకి ఉండదు, నువ్వు ఎల్.కె.జి. చూసుకో అన్నారు. శిక్ష అనుకున్నారు. సరే మేడం అన్నాను.

ఆంజనేయులు గారితో నువ్వు మాట్లాడావంటే నాకు ఇంకా నమ్మకం కుదరడం లేదు. ఆయన మళ్ళీ పిల్లల్ని పనికి పెడతారేమో అని భయంగా ఉంది. నువ్వు ఒక్కడివే ఉన్నావక్కడ. ఏదన్నా అయితే వెంటనే రాయి.

నీ లిడియా


6 ఏప్రిల్

లిడియాకు,

బుడే చెప్పేది అలాగే ఉండనియ్యి. మతి తప్పిందంటే ఎవరూ ఇంకేమీ అడగరు.

కోతలు అయిపోయాయి. దేవకుమారి వాళ్ళు ఈ పొద్దున వెళ్ళారు. ఆంజనేయులు గారే లారీ మాట్లాడారు.

నువ్వు భయపడ్డావు కాబట్టి రాస్తున్నాను. మళ్ళీ పెట్టలేదు. రెండుసార్లు బ్యారన్ దాకా వచ్చి తొంగిచూసి వెళ్ళారు. మూడోసారి లోపలికి వచ్చారు. పిల్లలు నేల మీద ఆయన బొమ్మ పేర్చి ఉన్నారు. పత్తి గింజల పొట్ట, తొడిమల మీసం. ఆయన చూసి "మీసం ఇంత సన్నగా ఉందా నాది" అన్నారు. షిరీన్ ఇంకో గుప్పెడు తొడిమలు పోసింది. ఇప్పుడు సరిపోయిందా అంది. ఆయన అద్దంలో చూసుకున్నట్టు చూసి వెళ్ళారు.

పిల్లలు నా దగ్గర బొమ్మలేమీ వదిలిపెట్టలేదు. పేర్చినవి ఎత్తేశారు. కాగితాలవి మూటల్లో పెట్టుకెళ్ళారు. జయపాల్ ఒకటి ఇవ్వబోయి మళ్ళీ లాక్కున్నాడు.

లారీ దగ్గర ఆంజనేయులు గారు నా పక్కనే నిలబడ్డారు. ఆడవాళ్ళు ఎక్కుతున్నారు. ఆయన "జక్రయ్యా, వచ్చే ఏడు ఈ పిల్లల్నే తీసుకురమ్మని దేవకుమారికి చెప్పు. ఇంకో ఏడాది పెరుగుతారు, కుదురొస్తుంది. ఏరడానికి పనికొస్తారు" అన్నారు.

"వాళ్ళకి పని రాదండి" అన్నాను.

"రెండు నెలలు దగ్గర కూర్చోబెట్టి నేర్పావుగా."

"పని నేర్పలేదండి."

గట్టిగానే అన్నాననుకుంటాను. లారీ ఎక్కుతున్న ఆడవాళ్ళందరూ ఆగి వెనక్కి తిరిగి చూశారు.

పెదనాన్న